వాగులో మొరాయించిన బండి

నీళ్లు తలుపు సందులోంచి లోపలికి వచ్చేశాయి.

“గేరు మార్చక్కా!” అని అరిచాడు తమ్ముడు.

“మార్చాన్రా!”

“మారిస్తే ముందు చక్రాలు ఎందుకు లాగడం లేదు?”

“నన్నడుగుతావేం? దాన్నడుగు!”

వెనక చక్రాలు గులకరాళ్లలో గిర్రున తిరుగుతున్నాయి. తిరిగిన కొద్దీ బండి వెనక భాగం కిందికి దిగబడుతోంది. ముందు చక్రాలు మాత్రం అలిగిన కొత్తల్లుడిలా బిగుసుకుని కూర్చున్నాయి. నాలుగు చక్రాలకూ బలం అందుతోందని చెప్పాల్సిన ఆకుపచ్చ దీపం స్థిరంగా వెలగకుండా, పూర్తిగా ఆరిపోకుండా, రెప్పలు కొట్టుకుంటోంది.

తేనక్క యాక్సిలరేటర్ మీంచి కాలు తీసింది. తొక్కితే ఇంకా దిగబడుతుంది. తొక్కకపోతే ఇక్కడే ఉంటుంది. ఎగువన కొండ మీద ఎప్పుడో కురిసిన వాన ఇప్పుడు తీరిగ్గా దిగి వస్తోంది. దిగేటప్పుడు తేటగా ఉన్న వాగు ఇప్పుడు ఎర్రటి బురదనీరయింది. ఆ నీరు బండి పక్కను భుజంతో తోసినట్టు తోస్తోంది.

భయం వేయాల్సిన సమయం అది. ఆమెకు మాత్రం విసుగొచ్చింది. ఇదీ పోయిందా? మళ్లీ మొదటినుంచీ వెతకాలా? మళ్లీ ఎవడో ఒకడు బానెట్ మీద చెయ్యి వేసి, “ఇది మా ఇంట్లో బిడ్డలాంటిదమ్మా” అనడం వినాలా?

“నేను దిగుతున్నా” అన్నాడు తమ్ముడు.

“కొట్టుకుపోతావురా!”

“బండితో పాటు పోవడం కన్నా విడిగా పోవడం నయం. బానెట్ లివరు లాగు.”

వాడు కిటికీలోంచి జారి నీళ్లలోకి దిగాడు. తొడల దాకా వచ్చాయి. ముందున్న ఇనుప గార్డు పట్టుకుని, బంపరెక్కి, బానెట్ ఎత్తి తల లోపల పెట్టాడు. ఆమెకు ఎత్తిన రేకు తప్ప ఇంకేం కనబడలేదు. బండి నెమ్మదిగా పక్కకు జరిగింది. స్టీరింగు పట్టుకున్న ఆమె చేతులు, మనిషిని ఆపినట్టు, దాన్ని ఆపాలని చూశాయి.

“ఏమైందిరా?”

రేకు వెనక నుంచి ఓ బూతు వినబడింది. ఆ తర్వాత బానెట్ దబ్బున మూసుకుంది. తమ్ముడు గార్డుకు కరుచుకుని, నోట్లోంచి చాకు తీసి, “ఇప్పుడు తొక్కు!” అని గొంతు చించుకున్నాడు.

ఆకుపచ్చ దీపం స్థిరంగా వెలిగింది. ముందు చక్రాలు ఒక్కసారి ఉలిక్కిపడి రాళ్లను పట్టుకున్నాయి. బండి మూలిగింది, ఊగింది, ముందుకు కదిలింది. ముక్కుకు వేలాడుతున్న తమ్ముడితో సహా అవతలి గట్టెక్కి, నీళ్లు కార్చుకుంటూ ఆగింది.

తేనక్క దిగి, చక్రానికి ఆనుకుని కూలబడింది.

“ఏం చేశావు?”

“సన్న రబ్బరు గొట్టం ఒకటి ఊడిందక్కా. అది ఊడితే ముందు చక్రాలు కలవవు. పెట్టాను, కలిశాయి. పాత బండి కదా, బిగువు సడలి ఉంటుంది.”

అంతే అన్నాడు. శవయాత్రలో కూడా జోకు ఆపుకోలేని వాడు, చావు తప్పి గట్టెక్కాక ఒక్క వెటకారం కూడా ఆడలేదు. ఆమె ముఖం వైపు చూడలేదు కూడా. గుప్పిట్లో ఉన్నదేదో చొక్కా జేబులోకి తోశాడు. తోస్తున్నప్పుడు వేళ్ల మధ్య నుంచి పసుపు రంగు పురికొస ముక్క ఒకటి తొంగిచూసింది.

తేనక్క చూసింది. చూడనట్టే లేచి చీర అంచు పిండుకుంది.

*

ఆ పసుపు పురికొస తేనక్క ఇంట్లో తప్ప ఇంకెక్కడా కనబడదు. తేనెపెట్టెల మూతలు కదలకుండా కట్టడానికి వాళ్లు చుట్టలు చుట్టలుగా తెప్పించుకునే సరుకది.

వాళ్ల బతుకంతా ఆ పెట్టెల్లోనే ఉంది. కిందిపొలాల్లో పూత ఉన్నన్నాళ్లూ తేనెటీగలు కింద మేస్తాయి. పూత అయిపోగానే పెట్టెలన్నీ బండికెక్కించి, రాళ్లదారిలో వాగు దాటి, కొండ మీదికి చేర్చాలి. అక్కడ పూత కొద్దిరోజులే. ఆ కొద్దిరోజుల తేనే ఏడాది కూడు. కిందటి వానల్లో వాళ్ల పాత పికప్పు మలుపులో జారి లోయలోకి దొర్లింది. నడుపుతున్న తేనక్క భర్త ఒక కాలు నిండా ఇనుప కడ్డీలతో ఇంటికొచ్చాడు. బండి మాత్రం రాలేదు.

ఇప్పుడు కింద పూత అయిపోయింది. పెరట్లో వరసగా పేర్చిన పెట్టెల్లో ఈగలు పంచదార పాకం తాగి బతుకుతున్నాయి. పొద్దున్నే తేనక్క ఒక్కో పెట్టెకు చెవి ఆనించి వింటుంది. రోజురోజుకూ ఆ రొద సన్నబడుతోంది. కొండ మీద పూత విచ్చిందని అటునుంచి వచ్చినవాళ్లు చెప్పారు. ఈ వారంలో బండి దొరక్కపోతే వచ్చే ఏటికి పెట్టెలుంటాయి, ఈగలుండవు.

కొత్త బండి వాళ్ల తాహతు కాదు. అలాగని ఊళ్లో కూరగాయలు మోసే బండి ఆ దారికి పనికిరాదు. మరీ పెద్దదైతే మలుపులు తిరగదు, చిన్నదైతే బరువు లాగదు. మధ్యరకం పికప్పు కావాలి, నాలుగు చక్రాలూ లాగాలి, కింద ఎత్తుండాలి, నిజాయితీగా వాడినదై ఉండాలి. ఈ నాలుగూ ఒకచోట దొరకడం నేతి బీరకాయలో నెయ్యి దొరకడం లాంటిదే.

మొదట చూసిన బండి ఫొటోలో పెళ్లికొడుకులా మెరిసింది. ఎదురుగా కూడా మెరిసింది. తమ్ముడు దాని కిందికి దూరి తాళంచెవితో ఛాసిస్ గీకితే, నల్లరంగు పెచ్చు ఊడి తుప్పంతా వాడి ముఖం మీద రాలింది.

“కొండలెక్కిన బండి సార్ ఇది!” అన్నాడు అమ్మేవాడు.

“ఎక్కింది సరే, ఎన్నిసార్లు దొర్లింది?” అన్నాడు తమ్ముడు. అనేసి, బావ గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

వాళ్ల వెంట వచ్చిన మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, “పైన పటారం, లోన లొటారం. పదండి” అన్నాడు. ఆయన్ని అందరూ గ్రీజు బాబాయ్ అంటారు. తేనక్క నాన్నగారి రోజుల నుంచీ వాళ్ల బండ్లకు ఆయనే వైద్యుడు.

రెండోది నిజంగా మంచి బండి. ఫోన్లో మాట అయిపోయింది, పొద్దున్నే వచ్చి తీసుకెళ్తామన్నారు. వెళ్లేసరికి అమ్మేవాడు తాళాలు ఇంకెవరి చేతిలోనో పెడుతున్నాడు.

“అదేంటమ్మా, మీకు వద్దని నిన్న మీ ఇంటినుంచే ఫోనొచ్చిందిగా?”

“ఎవరు చేశారు?”

“ఎవరో మగగొంతు. మర్యాదగానే మాట్లాడాడు.”

కొండ మీద మేతకు పోటీ వచ్చే తేనెవ్యాపారి ఒకడున్నాడు. వాడి పనే అని తేల్చి, తమ్ముడు వారం రోజులు వాడి వంశవృక్షాన్ని వేళ్లతో సహా పెకిలించాడు. తేనక్క మాత్రం ఏమీ అనలేదు. అనడానికి ఓపిక లేక.

మూడోది ఇది, నర్సమ్మ బండి. నర్సుగా ఆమె కొండ ఊళ్లకు మందులు మోసుకుని తిరిగిన బండి. ఇప్పుడు ఆమె మోకాళ్లు అరిగాయి. బండి మోకాళ్లు ఇంకా గట్టిగానే ఉన్నాయని తనే అంది. కొంటామని వచ్చినవాళ్లను ఆమె బేరం కన్నా ముందు అడిగే ప్రశ్న ఒకటుంది: “దేనికి?” సరదాకి బురదలో దొర్లిస్తామన్న ఇద్దరు కుర్రాళ్లను గేటు దగ్గర నుంచే పంపేసింది. తేనెపెట్టెలు అనగానే కుర్చీ వేసింది.

నిన్న గ్రీజు బాబాయ్ పొగ వాసన చూసి, నూనె వేళ్ల మధ్య రాసి చూసి, కిందికి దూరి, పైకెక్కి, చివరికి క్వారీ ఎత్తు మీదికి తోలాడు. మేకలా ఎక్కింది. నర్సమ్మ తాళాలు తేనక్క చేతిలో పెట్టింది. “రాత్రికి మీ దగ్గరే ఉంచుకోండి. రేపు బరువేసి తిప్పి చూడండి. పెళ్లిచూపుల్లో అరగంట చూస్తే ఏం తెలుస్తుంది? సాయంత్రం బాబాయ్‌ని తీసుకుని వస్తాను, నచ్చితే కాగితాలు రాసుకుందాం.”

పొద్దున ఇసుక బస్తాలు, ఖాళీ పెట్టెలు ఎక్కించి బయల్దేరుతుంటే, కిటికీ దగ్గర మంచం మీద నుంచి భర్త అడిగాడు. “క్వారీకేగా?”

“క్వారీకే.”

“ఇంకెక్కడికీ పోరుగా?”

“ఇంకెక్కడికి పోతాం? ఊరేగింపుకా?” అంది.

దారిలో మనసు మార్చుకున్నది తనే. క్వారీ నిన్న ఎక్కింది, మళ్లీ ఎక్కడమెందుకు? తమ దారిలో అసలు పరీక్ష వాగే. “వద్దక్కా, క్వారీ చాలు” అని తమ్ముడు గొణిగాడు. గొణిగిన మాట ఇప్పుడు ఆమె చెవిలో ముల్లులా గుచ్చుకుంటోంది. వీడికి ముందే తెలుసా?

*

వాగు ఉధృతి తగ్గాక మళ్లీ దాటి ఇంటికి తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. గ్రీజు బాబాయ్, నర్సమ్మ అప్పటికే పెరట్లో కూర్చుని ఉన్నారు. బండి తలుపు తీయగానే కడవెడు బురదనీళ్లు నేల మీద పడ్డాయి.

“ఇదేంటమ్మాయ్, బండిని చేపలకు వేశారా?” అంది నర్సమ్మ.

తేనక్క జరిగింది చెప్పింది. పురికొస సంగతి తప్ప. తమ్ముడు తడిచొక్కా విప్పి తీగ మీద వేసి, తువ్వాలు కప్పుకుని ఓ మూల నిలబడ్డాడు.

గ్రీజు బాబాయ్ ముఖం మాడింది. నిన్న బండి భేషని చెప్పింది ఆయనే. మాట్లాడకుండా బానెట్ ఎత్తి, టార్చి వేసి, ఆ గొట్టం దగ్గర చాలాసేపు వంగి చూశాడు.

“ఊడటం ఏంటి? ఇది ఊడలేదు” అన్నాడు చివరికి. “గొట్టాన్ని పట్టుకునే క్లిప్పును వెనక్కి జరిపారు. క్లిప్పు తనంతట తాను వెనక్కి జరగదు. ఎవరో చేత్తో తీశారు, శుభ్రంగా.”

“నా ఇంట్లో ఉన్నన్నాళ్లూ దాని మీద ఎవరూ చెయ్యి వేయలేదు” అంది నర్సమ్మ.

“నిన్న సాయంత్రం నేను చూసినప్పుడూ బిగువుగానే ఉంది. అంటే రాత్రికీ పొద్దునకీ మధ్య, ఈ పెరట్లో” అన్నాడు బాబాయ్. ఆయన చూపు నెమ్మదిగా తమ్ముడి మీద ఆగింది. “వాగు మధ్యలో, నడుస్తున్న ఇంజనులో, వేలెడు గొట్టం ఎక్కడుందో నీకు చూడగానే ఎలా దొరికిందిరా?”

“కళ్లున్నాయి కాబట్టి దొరికింది.”

“నా కళ్లకు టార్చి కావాల్సొచ్చింది.”

“మీకు వయసైపోయింది బాబాయ్.”

“ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టగలనురోయ్. గట్టిగా నాలుగు తంతే సరి.”

“ఆగండి” అంది నర్సమ్మ. గొంతు పెంచలేదు. మంచాన పడ్డవాళ్లకు మందు తాగించడానికి వాడే గొంతు అది. “అమ్మాయ్, నేను ఈ బండిలో కాన్పులు చేశాను. దీని మీద నాకున్నది మోజు కాదు, నమ్మకం. మీకివ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ రాత్రికి రాత్రి దాని ఆయువుపట్టు లాగిన మనిషి ఈ ఇంట్లో ఉన్నాడు. ఎవరో చెప్పండి. ఎందుకో కూడా అక్కర్లేదు, ఎవరో చెప్పండి చాలు. తెలిస్తే జాగ్రత్త పడొచ్చు. తెలియకపోతే, రేపు కొండ మలుపులో బ్రేకు గొట్టం లాగడని ఏముంది? పేరు చెప్తే బండి ఇక్కడుంటుంది. లేదంటే ఇప్పుడే తోలుకుపోతాను.”

పెట్టెల్లోంచి ఈగల రొద సన్నగా వినబడుతోంది.

తేనక్క లేచి, తీగ మీద చొక్కా దగ్గరికి వెళ్లింది. “అక్కా, అది తడిగా ఉంది, వదిలెయ్” అన్నాడు తమ్ముడు గబుక్కున. ఆమె జేబులో చెయ్యి పెట్టింది.

పసుపు పురికొస. మధ్యలో ముడి.

తేనెపెట్టెలు కట్టే ముడి అది. మందపాటి చేతొడుగులు వేసుకుని, ముఖానికి వల కప్పుకుని, కోపంగా ఉన్న ఈగల మధ్య నిలబడ్డప్పుడు ముడి విప్పుతూ కూర్చోవడం కుదరదు. ఒక కొస పట్టి లాగితే ఊడి చేతిలోకి రావాలి. అందుకని తేనక్క భర్తే దాన్ని కనిపెట్టి, ఆమెకూ బామ్మర్దికీ నేర్పాడు. ఇంకో అలవాటు కూడా నేర్పాడు. బండిలో ఏదీ వేలాడకూడదు. “వేలాడేది ఏదైనా కాటేస్తుంది” అంటాడు. బండిని పాడుచేయాలనుకున్నవాడు ఇంకెవడైనా గొట్టం లాగి వదిలేస్తాడు. ఊడిన గొట్టం ఫ్యానుకు తగిలి తెగకుండా పక్కకు జరిపి, పొందిగ్గా కట్టిపెట్టే దొంగ ఈ ఇంట్లో తప్ప ఎక్కడా పుట్టడు.

అంటే ముగ్గురే. తను కాదు. మిగిలింది ఇద్దరు.

ఆమె ముడిని వెలుతురుకు పట్టి చూసింది. ముడి చెక్కుచెదరలేదు. ఇంకా బిగుసుకుపోయి ఉంది. పురికొసను ముడి దగ్గర కాకుండా, పక్కన, చాకుతో కోశారు.

వాగులో నోట చాకు కరుచుకున్న తమ్ముడు గుర్తొచ్చాడు. చాకు ఎందుకు? వాడే వేసిన ముడైతే ఒక్క లాగుతో విప్పేవాడుగా?

లాగాడు. కానీ ఊడలేదు, బిగిసింది. ఎందుకంటే అది ఊడాల్సిన కొస కుడివైపు లేదు. ఎడమవైపు ఉంది.

ప్రతి ఏడాదీ కొండ నుంచి తెచ్చిన పెట్టెలు పెరట్లో దించేటప్పుడు ఇదే గొడవ. తమ్ముడు అలవాటుగా కుడి కొస లాగుతాడు, ముడి బిగుసుకుంటుంది, ఈగలు లేస్తాయి. “బావా, మీరు కట్టిన పెట్టెలకు బోర్డు పెట్టండి! లోకమంతా ఒక దారి, మీరొక దారి!” అని వాడు గంతులు వేస్తాడు. అవతల ఆయన, ముళ్లు వేసే ఆ ఎడమచేత్తోనే పొట్ట పట్టుకుని నవ్వుతాడు.

తేనక్క ముడిని గుప్పిట్లో మూసింది. “ఒక్క నిమిషం” అని లోపలికి వెళ్లింది.

*

ఆయన మంచం మీద కూర్చుని, తేనెచట్రాలకు తీగ బిగిస్తున్నాడు. చేతికర్రలు గోడకు ఆనించి ఉన్నాయి. వాటి కింది రబ్బరు బుడిపెలకు తడిమట్టి ఎండి అంటుకుని ఉంది. పొద్దున ఆ గది తనే తుడిచింది. అప్పుడు కూడా ఆ మట్టి ఉండే ఉంటుంది. కళ్లు చూశాయి, తల పట్టించుకోలేదు.

ముడిని ఆయన ముందు చట్రం మీద పెట్టింది. ఆయన దాన్ని చూశాడు. తీగ బిగించడం ఆపాడు.

“క్వారీ ఎక్కదు, వెనక్కి వస్తారు, ఇదీ బాగాలేదంటారు అనుకున్నా” అన్నాడు. “అంతకన్నా ఏం జరగదు అనుకున్నా.”

“వాగులోకి దిగాం.”

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. “క్వారీకని చెప్పావు.”

“చెప్పాను.”

“నీళ్లు ఎంత దాకా...”

“వాడికి తొడల దాకా. నాకు తెలీదు, నేను లోపల ఉన్నాను.”

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆమె మంచం చివర కూర్చుంది. కోప్పడాలని ఉంది. కోపానికి కూడా కొంచెం బలం కావాలి, అది ఎక్కడా దొరకలేదు.

“ఆ ఫోను కూడా మీరేనా? రెండో బండికి?”

“ఊ.”

“మర్యాదగా మాట్లాడారట. మెచ్చుకున్నాడు.”

ఆయన నవ్వలేదు. “ఆ మలుపు నాకు తెలుసు. బండి దొర్లేటప్పుడు పైకప్పు చేసే చప్పుడు తెలుసు. నువ్వు ఆ దారిలో వెళ్తే, నేను ఈ కిటికీ దగ్గర కూర్చుని, గేటు చప్పుడు కోసం వింటూ... నా వల్ల కాదే. నీకు ఎదురుచూడటం వచ్చు. నాకు రాదు.”

“నాకొచ్చని ఎవరు చెప్పారు?”

ఆయన తలెత్తాడు.

“పెళ్లయినప్పటి నుంచీ ఏటా మీరు కొండకెళ్లారు. ఏటా నేను ఈ కిటికీ దగ్గరే ఉన్నాను. వాన పడ్డా, రాత్రయినా, చెప్పిన రోజుకు రాకపోయినా. కిందటి వానల్లో కూడా ఇక్కడే ఉన్నాను. మీ బండి గొట్టం నేనెప్పుడైనా పీకానా?”

ఆయన ముఖం తిప్పుకుని, మూసి ఉన్న కిటికీ రెక్క తోశాడు. బయట గ్రీజు బాబాయ్ దగ్గాడు. కిటికీకి అవతలే పెరడు. రెక్క తెరిస్తే అక్కడ మాట్లాడేది ఇక్కడికి, పక్కన నిలబడి మాట్లాడినట్టే వినబడుతుంది.

“నేనే తీశాను.” అది తమ్ముడి గొంతు.

“ఏంటీ?” అన్నాడు బాబాయ్.

“నేనే తీశాను అంటున్నా. చెవులు కూడా పోయాయా? కొండకెళ్లడం నాకిష్టం లేదు, తీశాను. పేరు కావాలన్నారుగా నర్సమ్మా, రాసుకోండి.”

“మరి తీసినవాడివి అందులోనే ఎక్కి వాగులో దిగావా? అంత తెలివితక్కువ వాడివా?”

“మా ఇంట్లో నాకున్న పేరే అది.”

లోపల ఇద్దరూ విన్నారు. ఆయన చెయ్యి దుప్పటి అంచును నలుపుతోంది. ఎడమచెయ్యి.

“వాడికి తెలుసా?” అన్నాడు మెల్లగా.

“వాగులో ముడి చూశాడు. ఎవరిదో తెలిసింది. నాకు కనబడకుండా జేబులో దాచాడు.”

“వెధవ” అన్నాడు ఆయన. ఆ మాటలో తిట్టు లేదు. ఆమె వైపు చూడకుండా, “వాడు ఒప్పుకున్నాడుగా... ఈ ఒక్కసారికీ అలా పోనిస్తే... నర్సమ్మ ముందు, బాబాయ్ ముందు... మనిషినన్న పేరు ఒక్కటే మిగిలింది నాకు” అన్నాడు.

బయట నర్సమ్మ గొంతు వినబడింది. “సరే. పేరు తెలిసింది. అయితే నా షరతు కూడా వినండి. బండి ఇస్తాను. కానీ ఈ అబ్బాయి దాని స్టీరింగు పట్టకూడదు, దాంట్లో ఎక్కకూడదు. ఆమెను ఒక్కదాన్నే వెళ్లమనండి, లేదా వేరే మనిషిని చూసుకోమనండి.”

“నా షెడ్డు గుమ్మం కూడా తొక్కకూడదు” అన్నాడు గ్రీజు బాబాయ్. ఆయన గొంతు కోపంతో కాకుండా ఇంకెందుకో వణికింది. వాణ్ని స్పానరు పట్టుకోవడం నేర్పి పెంచింది ఆయనే. “అక్క ప్రాణం తీయబోయిన వాడివి. ఇక నాతో మాట్లాడకు.”

తమ్ముడు ఏమీ అనలేదు. వాడు ఏమీ అనకపోవడం ఆమె ఒక్కరోజులో రెండోసారి వింటోంది.

వదిలేయొచ్చు. చాలా తేలిక. చట్రం మీదున్న ఆ ముడి పొయ్యిలో వేస్తే చాలు. బండి ఉంటుంది, ఈగలు బతుకుతాయి, ఈ గదిలో మనిషి తలెత్తుకునే ఉంటాడు. తమ్ముడు జన్మంతా దొంగగా మిగులుతాడు, జోకులేస్తూ. అలిసిపోయిన మనిషికి తేలిక దారి ఎంత తియ్యగా కనిపిస్తుందో, కొండ మీద మలుపుల్లో బండి తోలినవాళ్లకు తెలుసు. తోలినవాళ్లలో ఒకడు ఎదురుగానే ఉన్నాడు.

ఆమె లేచి, చట్రం మీది ముడి తీసుకుంది.

“నేను నడవగలిగి ఉంటే...” అన్నాడాయన.

“పొద్దున నడిచారుగా. పెరడు దాకా, చీకట్లో, ఎవరూ లేవకముందే. ఇప్పుడూ అంతే దూరం.” ఆ మాటలో ఎత్తిపొడుపు పెట్టాలనుకుంది. పెట్టలేకపోయింది. చేతికర్రలు తీసి ఆయన మంచానికి ఆనించింది. “రండి, రాకపోండి. నేను వెళ్తున్నా.”

బయటికొచ్చేసరికి నర్సమ్మ బండి తాళాలు వేలికి తిప్పుతోంది. గ్రీజు బాబాయ్ వీపు తిప్పి నిలబడ్డాడు. తమ్ముడు అక్కను చూసి, ఆమె గుప్పిట చూసి, తల అడ్డంగా ఊపాడు. వద్దు, అన్నట్టు.

“అక్కా, అయిపోయింది. నేను చెప్పేశాను. ఇంక నువ్వేం మాట్లాడకు. ఈగల సంగతి చూడు.”

“నోర్ముయ్యరా.”

“అక్కా...”

“చిన్నప్పటి నుంచీ నీకు అబద్ధమాడటం రాదు. నేర్చుకునే వయసు కూడా కాదు.”

ఆమె గుప్పిట విప్పి, ముడిని బానెట్ మీద, అందరికీ కనబడేలా పెట్టింది. గ్రీజు బాబాయ్ ఇటు తిరిగాడు. లోపల నుంచి చేతికర్ర నేలకు తగిలిన చప్పుడు వినబడింది. ఆగింది. మళ్లీ వినబడింది, ఈసారి గుమ్మానికి కాస్త దగ్గరగా.

“పేరడిగారుగా నర్సమ్మా” అంది తేనక్క. గొంతు ఆమెదే అనిపించలేదు, అంత అలసటగా ఉంది. “మీరు విన్న పేరు తప్పు. వాడు తీయలేదు. వాడు మళ్లీ తగిలించాడు. నన్ను ఒడ్డుకు చేర్చాడు.”

చేతికర్ర గుమ్మం దాటింది.

“తీసింది మా ఆయన.”